ఉప్పు పాత సీసాలోనే ఉండాలి

అమ్మాయీ,

మీ అత్తయ్యని కంటి డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తున్నాను. మేం వచ్చేలోగా వంటింటి అరలు నువ్వు సర్దకముందు ఎలా ఉండేవో అలా పెట్టెయ్యి. ఉప్పు పాత సీసాలో పోసి పొయ్యికి ఎడమ పక్కన పెట్టు. పంచదార సొట్టమూత డబ్బాలో పోసెయ్యి. అన్నీ ఒకే రకం డబ్బాల్లో పోసి పేర్లు అంటించావు, చూడ్డానికి బాగానే ఉంది. ఆవిడకి ఆ పేర్లు కనపడితే కదా! చాన్నాళ్ళుగా తడుముకుంటూ వండుతోంది. నిన్న టీలో ఉప్పు పడితే అందరూ పగలబడి నవ్వారు, నువ్వూ నవ్వావు. "నాకు మతి పోతోందండీ" అని పెరట్లో కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మామయ్య

ఇంకోటి. ఈ కళ్ళ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పనని ఆవిడకి మాటిచ్చాను. మళ్ళీ ఎందుకు సర్దావని అడిగితే, "నాకే ఏదీ దొరకట్లేదత్తయ్యా" అను.