చాప్టర్‌లో లేని సార్ పేరు

గురువారం, హాస్టల్

సాయంత్రం తార్నాకలో గైడు సార్ ఇంటికి నా పీహెచ్‌డీ మూడో చాప్టర్ తీసుకెళ్లాను. పదిహేడో శతాబ్దపు తత్వవేత్తలిద్దరిలో, రాజ్యం గురించి ఇంగ్లండు ముసలాయన చెప్పినదాన్ని హాలండు కుర్రాడు ఎంతవరకు ఒప్పుకున్నాడు, ఎక్కడ కాదన్నాడు అన్నదే అందులో విషయం. సార్ ఎప్పటిలా ముందు చివరి పేజీలోని పుస్తకాల జాబితా చూశారు.

“నా వ్యాసం ఏదమ్మా?”

దాచలేకపోయాను. “అందులో మీరు కుర్రాడిని ముసలాయనకు వట్టి శిష్యుడన్నారు సార్. నాకది తప్పనిపిస్తాంది. మీది తప్పని రాయలేక తీసేసినా.”

సార్ నవ్వారు. “ఆ పిల్లగాడు ముసలాయన పుస్తకం ఇంట్ల పెట్టుకొని చదివిండు. రాజ్యం వచ్చినా మనిషి హక్కు మనిషిదే, గీడనే ఆయనకూ నాకూ తేడా అని దోస్తుకు ఉత్తరంల పేరు పెట్టి రాసిండు. ముసలాయనేమో పిల్లగాని పుస్తకం చూసి, నాకింత ధైర్యం లేకపాయె అన్నడట. నువ్వేమో నన్ను మర్యాదగా మాయం జేస్తవా?”

తన తప్పును ఇలా అడిగి రాయించుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడే ఫుట్‌నోట్‌లో సార్ పేరు రాశాను. ‘ఇక్కడ వారు పొరబడ్డారు’ అని రాసి, పక్కన ‘అని నాకు అనిపిస్తోంది’ అని చేర్చాను. ఇలాంటి నసుగుడు మాటలు కనబడితే కొట్టేసే ఆయన ఎర్ర పెన్ను గుర్తొచ్చి ఆ చివరి ముక్క నేనే కొట్టేశాను.