మూడో తరగతిల ఒక్క పేరు

మంగళవారం. జగిత్యాల నుంచి ఆఖరి బస్సుకు ఇల్లు చేరిన. కోపం ఇంకా దిగలేదు.

ఇయ్యాల టీచర్ల మీటింగుల మా బడిల రెండో టీచరు రాజేశం సార్, కలిసిమెలిసి పనిచేసుడు ఎట్లనో ఉపన్యాసం ఇచ్చిండు. ఊర్లె నక్సలైట్ అన్నలు తిరుగుతున్నరని ఆర్నెల్ల సంది మా బడికి మొఖం చూపియ్యని మనిషి! ఐదు తరగతులు నేనొక్కదాన్నే చెప్తున్న. అసొంటోడు మైకు పట్టుకొని, "తోటి టీచరు కష్టం మన కష్టమనుకోవాలె" అన్నడు. నేను లేచిన.

"సార్, మన బడిల మూడో తరగతి పిల్లల్ల ఒక్కల పేరు చెప్పుండ్రి."

హాలంత నవ్వింది. ఆయన మైకు పక్కోనికిచ్చి కూసున్నడు. అబద్ధమెందుకు, నాకు పాణం సల్లవడ్డది.

తర్వాత బస్టాండ్ల నా పక్కకచ్చి నిలవడ్డడు. "మేడం, మొన్న మీ ఇంట్ల అన్నం తినిపోయినోళ్లు ఎవలో నాకెరుకే. ఎస్సై నా దోస్తే" అన్నడు నవ్వుకుంట.

అన్నలు తుపాకులతోని అచ్చి ఆకలైతుందంటే ఎవలు లేదంటరు? గా సంగతి ఆయనకు తెల్వదా? అయినా భయమైంది, బస్సు రాంగనే ఎక్కిన.

బస్సుల కూసున్నంక సమజైంది, తప్పు నాది గూడ ఉన్నది. తోటోడు గదా, సర్దుకపోవాలె అనుకొని, నెలనెలా హాజరు రిజిస్టర్ ఆయనుండే కోరుట్లకు తీస్కపోయి ఆయనతోని సంతకాలు పెట్టిచ్చుకచ్చింది నేనే. గా సర్దుకపోవుడే ఆయనకు గింత ధైర్యమిచ్చింది. ఇయ్యాల గూడ గందుకే రిజిస్టర్ సంచిల పెట్టుకపోయిన.

రేపటిదాక ఆగితే మనసు మారుతదని ఇప్పుడే తీసి, ఆయన పేరు ముంగట, ఈ నెల బడికి రాని దినాలన్నిటికి గైర్హాజరు అని రాసిన. తొందరల అక్షరాలు వంకరపోయినయి. దిద్దలేదు.