కనబడకపోవడం వేరు

పిన్నికి,

ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. ఆస్పత్రిలో నీ మంచం పక్కనే రెండు రోజులు కూర్చుని కూడా చెప్పలేక, సెలవైపోయిందని తిరిగొచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం.

మందులు ఎవరు ఆపమన్నారని డాక్టరమ్మ అడిగితే, "నాకే బుద్ధి పుట్టిందండీ" అన్నావు. నేను కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. ఆపించింది నేను, పిన్నీ.

పోయిన ఏడు నీ హెచ్‌ఐవీ రక్తపరీక్ష కాగితం వచ్చినప్పుడు నువ్వు చొక్కాకి కాలరు కుడుతున్నావు. ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను చదవమన్నావు. అందులో ఉన్నది ‘వైరస్ కనబడలేదు’ అని. నేను ‘వైరస్ లేదు’ అన్నాను. మిషను ఆగింది. బాబాయి పోయాక నువ్వలా నవ్వడం అదే మొదలు. దిద్దడానికి మనసొప్పలేదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ ఒక్క అక్షరం ఎగిరిపోయినా పట్టుకునేదాన్ని, నీ దగ్గర తెలిసి తెలిసి ఒక మాటను మింగేశాను.

డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది. ఒక్క మందయితే వైరస్ రూపు మార్చుకుని తప్పించుకుంటుందట. అందుకని మాత్రలో మూడు మందులు కలిపి అన్ని వైపులా దారి కాస్తారు. మొదటి వారాల్లోనే రక్తంలో దాని లెక్క జారిపోతుంది, కొన్ని నెలలకు పరీక్షకు అందనంత తగ్గుతుంది. అయినా కొంత కణాల్లో నిద్రపోతూ ఉంటుంది. మందు ఆగితే లేస్తుంది. ఇప్పుడు లేచింది అదే. పాత మందుకు ఇంకా లొంగుతుందో లేదో పరీక్షలో తేలాలంది.

లొంగకపోతే? ఆ ఆలోచనతో అన్నం సయించడం లేదు. ఆవిడకు నిజం చెప్పు పిన్నీ. నన్ను వెనకేసుకు రావద్దు.

నీ పుస్తకాల పురుగు

*

ఒసే పురుగూ,

ఇన్నాళ్లూ జవాబు రాయనిది కోపంతో కాదు, పరీక్ష తేలాలని. పాత మందుకే లొంగుతోందట, అదే మళ్లీ వేసుకుంటున్నాను. లెక్క అప్పుడే సగానికి పైగా దిగింది. ఒంట్లో పురుగైనా ఇంట్లో పురుగైనా వదిలేది కాదులే, పెట్టుకుని బతకాల్సిందే.

నిన్ను వెనకేసుకొచ్చానని ఎవరన్నారే? నేను చెప్పింది నిజమే. నువ్వు ‘లేదు’ అన్న వారానికే నర్సమ్మ చెప్పింది, కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు, ఒక్క పూటా మానొద్దని. తలూపి వచ్చాను. మందు కూడా వేసుకుంటూనే ఉన్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నాకు గుండీలూ దారాలూ అమ్మే ఆయన పెళ్లాడతానన్నాడు. నా జబ్బు ఆయనకు తెలీదు. అల్మారాలో మాత్రల డబ్బా పెట్టుకుని నాకేం లేదని అనలేను కదా. డబ్బా పారేశాను. మనసు పీకినప్పుడల్లా నీ మాట అడ్డం పెట్టుకున్నాను. నా మంచం పక్కన నువ్వు కుమిలిపోతుంటే చూస్తూ పడుకున్నాను. అది నా సిగ్గు, నీది కాదు.

నిన్న ఆయన చూడ్డానికి వచ్చాడు. ఇంక దాచలేదు. జబ్బుందని చెప్పాను, మందు మానకపోతే అణిగి ఉంటుందనీ చెప్పాను. ఆయన లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను. గ్లాసులో నీళ్లు పోసి, "ఏ పూట వేసుకోవాలి?" అన్నాడు.

పిన్ని