అరబాకి కుట్టిన సముద్రపు అంగీ

అరబా, లేవగానే ముందు తిను. ఆకు పొట్లంలో కెంకే, అదే పులిసిన మొక్కజొన్న ముద్ద, మూకుడు కింద వేయించిన చేప ఉన్నాయి. పిల్లి చూడకముందే తీసుకో.

కుట్టు మిషన్ మీద నీలం అంగీ పెట్టాను, సముద్రానికి వెళ్ళేటప్పుడు పైన వేసుకోవడానికి. అమ్మ పెట్టెలోని గుడ్డ కాదులే, నా ఈస్టర్ గుడ్డే. రెండుగా మడిచి, తల దూరేలా మెడ కత్తిరించి, చంకల కింద నుంచి రెండు పక్కలా కుట్టేశాను. కింద అంచు మిగిలింది. చేత్తోనే కుట్టుకో, మిషన్ దారం తెంపుతోంది.

నిన్న పిన్ని కూతుళ్ళందరి ముందు "ఆ కాలేసుకుని వస్తావా, జనం జడుసుకుంటారే!" అన్నాను. నవ్వులాటకే అన్నాను. నువ్వు నవ్వలేదు. "మీరు వెళ్ళిరండి అక్కా" అని లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నావు. అందుకే నీ కాలి మీద నూనె పడి కాలిన మచ్చ కనబడకుండా మడమల దాకా పొడుగు పెట్టి కుట్టాను.

చర్చిలో పాటకి వేళయింది. అటునుంచి అటే కోట పక్క ఒడ్డుకి పోతాం. నువ్వూ రా.

నీ అక్క, ఎవురమ

అంగీ మడత పెడుతుంటే ఇప్పుడే తట్టింది. నిన్న నోటితో అన్న మాటే ఇవాళ సూదితో అన్నాను కదే! అంచు సంగతి వదిలెయ్. నీ పొట్టి గౌనులోనే రా, నీకు నచ్చితే. నువ్వు వచ్చేదాకా నేను నీళ్ళలో కాలు పెట్టను.