తెరిచి చూడని కాపీ

రఘు అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు ఎన్నాళ్ళో పోరిన పని మన ఆఫీసులో ఇవాళే పూర్తయింది. ఇకనుంచి బ్యాకప్‌లు ఆఫీసు డిస్కుల్లో ముప్పై రోజులు, క్లౌడ్‌లో ఏడేళ్ళు ఉంటాయి. క్లౌడ్ కాపీకి తాళం వేశాను. గడువు తీరేదాకా దాన్ని దొంగలే కాదు, మన మేనేజరు కూడా చెరపలేడు.

ఒకసారి బటన్ నొక్కితే ఆ గడువు తగ్గించడానికి లేదు. అందుకే కుర్చీలో నిలవలేక రెండుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చి, మళ్ళీ మళ్ళీ సరిచూశాను. ఇక్కడే పుట్టి పెరిగిన కొత్తమ్మాయి మేఘన నవ్వి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించింది.

"అక్కా, చాలు లా! కరెక్ట్‌గానే ఉంది, నొక్కేయండి."

నొక్కాను. తను లంచ్‌కి లేవబోతే ఆపాను. నీ శుక్రవారం అలవాటు నాకూ పట్టుకుంది మరి. ఏదో ఒక ఫైలు వెనక్కి తెప్పించి కళ్ళారా చూడాల్సిందే. "తెరిచి చూడని కాపీ ఉన్నట్టా, లేనట్టా అమ్మాయ్?" అంటూ నువ్వు నన్నెన్ని శుక్రవారాలు ఆకలితో కూర్చోబెట్టావో! ఇవాళ మేఘన వంతు. ఫైలు చక్కగా తెరుచుకుంది.

ఇంటికెళ్ళే టాంపినీస్ రైల్లో నిలబడి ఇది రాస్తున్నాను. పోయినేడు ఇదే రోజు పొద్దున నువ్వొక వాయిస్ మెసేజ్ పంపావు. పనిలో ఉన్నాను, తర్వాత విందాంలే అనుకున్నాను. మధ్యాహ్నానికి నువ్వు పోయావన్న కబురు వచ్చింది.

ఆ మెసేజ్ ఫోన్‌లో ఉంది, ఇంట్లో డిస్కులో ఉంది, క్లౌడ్‌లోనూ ఉంది. మూడు చోట్లా భద్రంగా ఉంది అన్నా. ఒక్కచోటా తెరవలేదు.