కారులో మిగిలిన సీటు

ఫిబ్రవరి 16, ఆదివారం

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. చలి తగ్గుముఖం పట్టాక మీ ఆయాసం కూడా నెమ్మదించిందని మీ అమ్మాయి చెప్పింది, సంతోషం. మందులు వేళకు వేసుకుంటున్నారో లేదో మాత్రం చెప్పలేదు. ఆ సంగతి నా చేత అడిగించుకోకండి.

ఫోనుండగా ఈ ఉత్తరం ఏమిటని మీరు నవ్వుకుంటూ ఉంటారు. ఫోనులో మీరు నన్ను మాట్లాడనివ్వరు. నేను ఒక వాక్యం మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసి, దాన్ని మీకు నచ్చినట్టు పూర్తిచేస్తారు. కాగితం మీద నాకు అడ్డు తగిలేవాళ్ళు లేరు.

విషయం పిల్లల థీమ్ పార్కు ప్రయాణం. ఎప్పుడు వెళ్తే మంచిదో తేల్చే పని మీ అల్లుడు నాకు అప్పగించాడు. "అమ్మా, అన్నేళ్ళు బడికి టైంటేబుల్ వేసినదానివి. ఇది నీకో లెక్కా? నువ్వు ఎప్పుడంటే అప్పుడే" అన్నాడు. ఆ మాటతో నా చేతిలో ఏం పెట్టాడో వాడికి తెలియదు. మీకూ నాకూ తెలుసు. కారులో ఐదుగురికే చోటు. వాడూ, మీ అమ్మాయీ, పెద్దదీ, చిన్నాడూ పోగా మిగిలేది ఒక్క సీటు. వేసవిలో అయితే ఆ సీటు మీది, ఎండలో కాసేపు నిలబడితే నాకు కళ్ళు తిరుగుతాయి కనుక. ఈ చలి పోకముందే అయితే నాది, చల్లగాలి తగిలితే మీకు ఊపిరాడదు కనుక. వానాకాలం ఎవరిదీ కాదు. అంటే కాలం తేల్చడమంటే, అమ్మమ్మా నాయనమ్మా అన్నది తేల్చడమే.

నేను పక్షపాతం ఎరగని మనిషినని మీరే నలుగురిలో అంటూ ఉంటారు. ఈసారి మాత్రం ముందు "చలికాలం" అని తేల్చేసుకుని, కారణాలు తరవాత వెతికాను. వెతికితే మంచివే దొరికాయి. వేసవి సెలవుల్లో ఊళ్ళో ఉన్న ప్రతి పిల్లా అక్కడే ఉంటుంది. ఒక్కొక్క రైడుకు క్యూ గేటు దాకా సాగుతుంది. ఇనుప సీట్లు ఎండకు కాగిపోయి పిల్లలు కూర్చోలేరు. మంచినీళ్ళ దగ్గర తోపులాట. వానాకాలంలో ఎక్కడో ఒక ఉరుము ఉరిమితే ఎత్తైనవన్నీ ఆపేస్తారు, టిక్కెట్లు కొనుక్కుని గొడుగుల కింద నిలబడి ఇంటికి రావాలి. అదే ఇప్పుడు, బడులు నడుస్తున్న రోజుల్లో, వారం మధ్యలో ఒక రోజు చూసుకుని వెళ్తే పార్కంతా మనదే.

అంటే పిల్లల చేత బడి ఎగ్గొట్టిస్తారా అని మీరు అడగబోతున్నారు. అవును. జలుబు చేసిన పిల్లకు కూడా చీటీ లేనిదే సెలవివ్వని నేను, మనవలిద్దరి చేతా బడి మానిపిద్దామని సొంత నోటితో అన్నాను. ఎంత దూరం వెళ్ళానో దీన్నిబట్టి గ్రహించండి.

రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇదంతా చెప్పాను. మీ అల్లుడు తల ఊపాడు. మీ అమ్మాయి కంచంలోకి చూస్తూ, "మీరు చెప్పాక ఇంకేముంది అత్తయ్యా" అంది. ఆ గొంతు నాకు తెలుసు. కూర బాగాలేదని నేనన్నప్పుడు కూడా అదే గొంతు. పెద్దది మాత్రం తినడం ఆపేసి నన్నే చూస్తోంది.

"క్యూ అస్సలు ఉండదా నాయనమ్మా?"

"అస్సలు ఉండదు. ఎక్కడం, దిగడం, ఇంకోటి ఎక్కడం."

"మరి అమ్మమ్మ కథ ఎప్పుడు చెబుతుంది?"

నాకు అర్థం కాలేదు. చిన్నాడు విడమరిచి చెప్పాడు. పోయిన వేసవిలో జంతువుల పార్కు గేటు దగ్గర క్యూలో నిలబెట్టేసినప్పుడు మీరొక కథ మొదలుపెట్టారట, ఎక్కిళ్ళ గుర్రం కథ. రాజుగారు ఎక్కినప్పుడల్లా గుర్రానికి ఎక్కిలి వస్తుందట, ఆయన ఎగిరి పడతారట, ఒకసారి బురదలో, ఒకసారి గడ్డివాములో, ఒకసారి పొరుగు రాజుగారి ఒళ్ళో. కథ ఇంకా పూర్తి కాలేదట. "క్యూ ఎంత పొడుగుంటే రాజుగారు అన్నిసార్లు పడతారు నాయనమ్మా!" అని వాడు కుర్చీలోంచి పడి చూపించాడు కూడా.

ఈ గుర్రం సంగతి నాకెందుకు చెప్పలేదురా అన్నాను. "నీకు చెబితే గుర్రాలకు ఎక్కిళ్ళు రావంటావు" అన్నాడు. నిజమే, అనేదాన్నే. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

అప్పుడు పెద్దది తమ్ముణ్ణి సముదాయిస్తున్నట్టుగా అంది: "పోనీలేరా. నాయనమ్మతో అయితే క్యూ లేకపోవడమే మంచిది."

వెటకారం కాదు వదినగారూ. వెటకారమైతే చెవి మెలిపెట్టేదాన్ని. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, పెరుగు కలుపుకుంది.

ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా ఫరవాలేదు. రోజూ పొద్దున్నే ఆ పిల్ల తలలో చిక్కు తీసి జడలు వేసేది నేను. ఎక్కాలు అప్పచెప్పించుకునేది నేను. జ్వరమొస్తే చేదు మందు మింగించేది నేను, బూట్లు సరైన కాళ్ళకు తొడిగించేది నేను. నెలకొకసారి మీరు గుమ్మంలోకి వచ్చి చేతులు చాపితే, నేను వేసిన జడలే ఎగరేసుకుంటూ వెళ్ళి మీ మెడకు చుట్టుకుంటుంది. మీరు వెళ్ళిపోయాక ఇల్లంతా బిస్కెట్ల పొడి, మంచం మీది దిళ్ళు కింద, పిల్లలకు నిద్ర ఉండదు. సర్దేది ఎవరనుకుంటున్నారు? మీ పేరు "సరదా అమ్మమ్మ" అట. నాకూ ఒక పేరు పెట్టారు, వినిపించిందిలెండి, "గంట నాయనమ్మ". బడి గంట. బడి గంట మోగకపోతే వీళ్ళెవ్వరూ ఇంటికి రారని వీళ్ళకు తెలుసా?

కుళ్ళుకుంటున్నానని మీరు అనుకుంటారు. అనుకోండి. మీరు కుట్టుమిషన్ ముందు కూర్చుని గుండీలు కుడుతూ కూడా నలుగురిని నవ్వించగలరు. నేను నవ్వితే పిల్లలు ఏం తప్పు చేశామా అని చూసుకుంటారు. ఇది ఎవరు ఎవరికి పంచిపెట్టారో నాకు తెలియదు గానీ, పంచినవాళ్ళకు టైంటేబుల్ వెయ్యడం రాదు.

సరే. ఆ రాత్రి బాగా ఆలోచించి, మాటలతో కాదు, చూసి వచ్చి రుజువు చేద్దామనుకున్నాను. మంగళవారం పళ్ళ డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, బస్సెక్కి ఒక్కదాన్నే పార్కుకు వెళ్ళాను. ఆకాశం నీలంగా, ఎండ మెత్తగా, నేను చెప్పినట్టే ఉంది. గేటు దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయి నా వెనక్కీ పక్కకీ చూసి, "పిల్లలు ఎక్కడ మామ్మగారూ?" అంది. బడిలో ఉన్నారన్నాను. "మరి మీరు?" అంది. నేను తనిఖీకి వచ్చానన్నాను. ఆ పిల్ల గభాలున లేచి నిలబడి, బొత్తం సర్దుకుంది.

క్యూలు లేవు. నా మాటే నిజం. గుండ్రంగా తిరిగే పెద్ద కప్పుల దగ్గర మాత్రం కొద్దిమంది ఉంటే, వాళ్ళ వెనక నిలబడ్డాను, ఎంతసేపు పడుతుందో చూద్దామని. పట్టింది కొంచెంసేపే. కానీ ఆ కొంచెంసేపు గడవలేదు వదినగారూ. నా ముందు తండ్రి చెయ్యి పట్టుకుని ఒక పాప, మన పెద్దదానికంటే చిన్నది, విసుగ్గా కాళ్ళు మారుస్తోంది. మీరు చెయ్యగలిగింది నేను చెయ్యలేనా అనిపించింది. "కథ చెప్పనా?" అన్నాను. తల ఊపింది. ఇద్దరు అన్నదమ్ములు, ఒక్కటే గొడుగు, వాళ్ళ దెబ్బలాట. బాగానే విన్నది. అయ్యాక నా నోరు ఊరుకోలేదు. "ఇప్పుడు చెప్పు, ఇందులో తప్పు ఎవరిది? ఎందుకు?" అని అడిగాను.

పాప వెళ్ళి తండ్రి వెనక దాక్కుంది. "నాన్నా, ఈ టీచర్ కూడా మనతో ఎక్కుతుందా?" అని అడుగుతోంది. టీచర్నని నేను చెప్పనే లేదు.

ఇక అసలు సంగతి. పెద్దది ఏడాదిగా కలవరిస్తున్నది ఆ జారుడు పడవ ఒక్కదాన్నేనని మీకు తెలుసు, గొలుసు మీద పైకి లాక్కెళ్ళి అక్కణ్ణుంచి నీళ్ళలోకి వదిలేస్తారే, అది. అక్కడికి వెళ్ళి చూస్తే దాని మీద పట్టా కప్పి ఉంది. మరమ్మతట. చలికాలమంతా మూసే ఉంచుతారట, వేసవి సెలవులకే తెరుస్తారట. పడవ లేకుండా పెద్దదాన్ని ఇప్పుడు తీసుకెళ్తే, నా మొహం చూడదు. వచ్చేటప్పుడు వాన పట్టుకుని నిలువునా తడిశాను కూడా. పళ్ళ డాక్టరు దగ్గర ఇంతగా ఎలా తడిశారు అత్తయ్యా అని మీ అమ్మాయి తువ్వాలు అందించింది.

కాబట్టి వేసవి అని మీ అల్లుడికి చెప్పేశాను. ఇది మీ గెలుపని అనుకోకండి. పడవ మరమ్మతు గెలుపు. నేను తలవంచింది పట్టా ముందు, మీ ముందు కాదు.

వేసవిలో వెళ్ళక తప్పదు కనుక ఇవి పాటించండి. సెలవులిచ్చిన మొదటి వారంలోనే వెళ్ళాలి, అప్పటికి ఇంకా అందరూ బయలుదేరరు. ఆదివారం వద్దు. గేటు తెరిచే వేళకు ముందే అక్కడుండాలి. జనమంతా గేటు దగ్గరున్న వాటికి ఎగబడతారు, మీరు ముందు చివరికి నడిచి అక్కణ్ణుంచి వెనక్కి రండి. మిట్ట మధ్యాహ్నం పైకప్పున్న వాటిలో గడపండి. పడవ సాయంత్రానికి ఉంచుకోండి, తడిసిన బట్టలతో పిల్లలు రోజంతా తిరగకూడదు. చిన్నాడికి టోపీ. పెద్దదాని జడలు గట్టిగా వేసి పంపిస్తాను, మీరు విప్పకండి. మీ మందు మీ సంచిలో కాదు, మీ అమ్మాయి సంచిలో ఉండాలి.

మీరు ఎంత నవ్వించినా అభ్యంతరం లేదు. చిన్నాడు ఏదైనా తింటున్నప్పుడు మాత్రం వద్దు, పొలమారుతుంది.

ఇట్లు,
మీ వియ్యపురాలు

తా.క. ఆ రోజు వాన పడలేదు వదినగారూ.

పట్టా లేదు, మరమ్మతూ లేదు. పడవ ఏడాది పొడుగునా నడుస్తుంది, నేనే అడిగి తెలుసుకున్నాను. నేను నిలబడింది కప్పుల దగ్గర కాదు, ఆ పడవ దగ్గరే. పాప, తండ్రి ముందు సీట్లో కూర్చున్నారు, నేను వెనక. పైకి చేరాక అది ఒక్క క్షణం ఆగుతుంది. మన వీధులు, బడి పైకప్పు, దూరంగా రైలు పట్టాలు, అన్నీ కనిపిస్తాయి. అబ్బా చూశావా అని పక్కకు తిరిగాను. పక్క సీటు ఖాళీ. తరవాత ఎంత గట్టిగా అరిచానో మీకు చెప్పను. దిగాక ఆ పాప వచ్చి, "టీచర్, భయమేసిందా?" అని నా చెయ్యి పట్టుకుంది. ఈసారి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు నేను. అందుకే పట్టుకుందేమో.

ఇప్పుడు వెళ్ళడమే అన్నివిధాలా మంచిది. నా టైంటేబుల్లో తప్పు లేదు. అయినా నేను వేసిన టైంటేబుల్ని నేనే తప్పని చెప్పాను, ఇదే మొదటిసారి. మీ అల్లుడికి తెలియనివ్వకండి. మరమ్మతు మాట ఎవరైనా ఎత్తితే ఎక్కిలి తెచ్చుకోండి.

బదులుగా నాకొకటి కావాలి. ఆ గుర్రం కథ క్యూలో ఎంతైనా సాగదీసుకోండి. రాజుగారిని ఎక్కడ కావాలంటే అక్కడ పడెయ్యండి. ఎక్కిళ్ళు ఎలా తగ్గాయో మాత్రం చెప్పకండి. అది నాయనమ్మకే తెలుసు, ఇంటికి వెళ్ళి అడగండి అనండి. అదేమిటో నాకు ముందుగా రాసి పంపండి, ప్రయాణానికి ఒక వారం ముందు చేరేలా. చదువుకుని ఉంటాను.

గుర్రాలకు ఎక్కిళ్ళు రావని అనను. కథయ్యాక ప్రశ్నలూ అడగను.