నీలం కోటు కొలత

జూన్ 3, బుధవారం

చిరంజీవి బుల్లికి మావయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ కుట్టుమిషనూ బాగానే ఉన్నాం. దానికి అప్పుడప్పుడూ చుక్క నూనె చాలు, నాకు రెండు పూటలా టీ చాలు. నువ్వూ బాగున్నావనే రాశావు గానీ, ఉత్తరం చివరిదాకా చదివితే నాకలా అనిపించలేదు.

ముందు మంచి మాట. పదకొండేళ్లు మ్యూజియంలో టికెట్ల కౌంటరు వెనక కూర్చున్నదానివి, వచ్చే ఒకటో తారీఖు నుంచి గైడువి అవుతున్నావు. చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు నిలబడి ఆ పాత బొమ్మల కథలన్నీ చెప్తావు. చాలా సంతోషంగా ఉంది. మీ అమ్మ ఉంటే వీధంతా చెప్పుకొచ్చేది. నేను చెప్పుకోలేదు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు.

ఇదంతా ఫోనులో మాట్లాడొచ్చు. కానీ ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ అంటాను. మీ అత్తయ్య ఉన్నప్పుడు నా వంతు కూడా తనే మాట్లాడేది. రాస్తే నాకు నాలుగు మాటలు ఎక్కువ వస్తాయి.

కొట్టు గదిని ఫోన్లు బాగుచేసే ఆవిడకి అద్దెకిచ్చాక వెనక గది నాకు సరిపోతోంది. మిషను మంచం పక్కనే పెట్టుకున్నాను. కుట్టడానికి కాదు. చెయ్యి వణుకుతోంది, కత్తెర గీత మీద నిలవడం లేదు. ఊరికే తొక్కుతాను, చప్పుడు కోసం. ఆవిడ తలుపు అవతల నుంచి, ఏం కుడుతున్నారు బాబాయ్ అంటుంది. ఏం లేదమ్మా అంటాను. రోజు మొత్తం మీద నేను మాట్లాడేది అంతే.

ఇక కోటు సంగతి. గైడులంతా ముదురు నీలం కోటు వేసుకోవాలని, ఎవరిది వాళ్లే కొనుక్కోవాలని రాశావు. దానికోసం మూడు కొట్లు తిరిగావు. మొదటి కొట్లో అమ్మాయి నిన్ను కింద నుంచి పైదాకా చూసి, మీ సైజు మా దగ్గర రాదు మేడం, మగవాళ్ల వైపు చూడండి అన్నదా. రెండో కొట్లో పెద్ద సైజులన్నీ నేలమాళిగలో దిండు గలీబుల పక్కన పెట్టారా. అక్కడున్నవి నల్లవి, లేకపోతే పళ్లెమంత పువ్వులున్నవి అన్నావు. లావుగా ఉన్నవాళ్లకి నీలం అక్కర్లేదని ఎవరు చెప్పారో వాళ్లకి. మూడో కొట్లో నలభై రెండు నంబరు కోటు ఇచ్చారు. అది ఛాతీ దగ్గర ఆగిపోయింది. గుండీకీ కాజాకీ మధ్య బెత్తెడు దూరం. చేతులు ఇరుక్కుపోతే కొట్టు అమ్మాయి ట్రయల్ రూములోకి వచ్చి లాగాల్సి వచ్చింది. పోతూ పోతూ బెల్టయినా కొందామనుకుంటే, అదీ చివరి చిల్లుకి అందలేదు.

ఇవన్నీ నువ్వు నవ్వులాటగా రాశావు. చిన్నప్పుడూ అంతే, ఏడుపొచ్చేదాన్ని నవ్వుగా చెప్పేదానివి. నాకు నవ్వు రాలేదు.

ఒక్క వాక్యం మాత్రం చాలాసార్లు చదివాను. ఆర్నెల్ల కింద, నువ్వు కొట్టు మూసే ముందు కొలిచినప్పుడు నలభై రెండే కదా మావయ్యా, ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది, ఆర్నెల్లలో ఇంత ఎలా అయిపోయాను అని రాశావు. రాత్రి భోజనం మానేశానని, పగలు కీర దోసకాయ ముక్కలతో గడుపుతున్నానని రాశావు.

అలా చెయ్యకు. కొట్లవాళ్ల నంబర్లు నమ్మడానికి లేదు. ఒక కంపెనీ నలభై రెండు ఇంకో కంపెనీకి నలభై. గుడ్డ మిగుల్చుకోవడానికి బిగించి కుడతారు. ఇంకో కొట్టు చూడు. కడుపు నిండా తిను.

ఇంతకన్నా ఏం రాయాలో తోచడం లేదు.

మీ మావయ్య


జూన్ 12, శుక్రవారం

బుల్లికి దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. కౌంటరు దగ్గర కళ్లు తిరిగి పడిపోయావని రాశావు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదు, ఇది ఆకలి అన్నాడు. బరువు చూస్తానంటే నువ్వు యంత్రం ఎక్కనన్నావు. స్కూల్లో డ్రిల్లు మాస్టారు పిల్లలందరి ముందు నీ బరువు గట్టిగా చదివాడు కదా, ఆ రోజు నుంచీ నువ్వది ఎక్కవు. నాకు తెలుసు.

నెలాఖరులోగా కోటు దొరక్కపోతే కౌంటరులోనే ఉండిపోతానని రాసిచ్చేస్తానన్నావు. రాసివ్వకు. కోటు సంగతి నేను చూస్తాను. నువ్వు తిను.

మావయ్య


జూన్ 17, బుధవారం

చిరంజీవి బుల్లికి మావయ్య దీవెనలతో.

నిన్న బజారులో ఉన్న పెద్ద రెడీమేడ్ కొట్టుకి వెళ్లాను. అది పెట్టి పదిహేనేళ్లయింది, నేను గడప తొక్కడం ఇదే మొదటిసారి. మా పని తినేసిందని లోపల ఒక రోషం ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. టేపు జేబులో వేసుకున్నాను, అలవాటు.

ఆడవాళ్ల బట్టలు పై అంతస్తులో ఉన్నాయి. కదిలే మెట్లు నాకు భయం, మామూలు మెట్లెక్కాను. పైన మనుషులకన్నా అద్దాలెక్కువ. ఎటు చూసినా నేనే కనపడుతున్నాను, ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఒక అమ్మాయి వచ్చి, ఎవరికి తాతయ్యా అంది. మేనకోడలికి, నీలం కోటు అన్నాను. సైజెంత అంది. జేబులో టేపు తడుముకున్నాను. నా అంత ఉంటుందా అంది. ఆ పిల్ల చీపురు పుల్లలా ఉంది. కాదని తలూపాను. అటు వెళ్తున్న ఒకావిణ్ణి వేలెత్తి చూపించి, ఆవిడంత ఉంటుందా అంది. ఆవిడ విన్నది. చేతిలో ఉన్న గౌనుని మళ్లీ హ్యాంగరుకి తగిలించి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. చెడ్డపిల్ల కాదు, చెప్పినవాళ్లు లేరు.

నేను ఆ వరుసలో ఉన్న కోట్లని టేపు తీసి ఒక్కొక్కటీ కొలవడం మొదలుపెట్టాను. కాపలా మనిషి వచ్చి పట్టుకున్నాడు. ఆడవాళ్ల కోట్లతో మీకేం పని పెద్దాయనా అన్నాడు. కొలుస్తున్నానన్నాను. కొనేవాళ్లు వేసుకుని చూస్తారు గానీ కొలుస్తారా అన్నాడు. నేను టైలర్నని చెప్పాను. ఇంకా టైలర్లున్నారా అని నవ్వి, నా చెయ్యి వణకడం చూశాడో ఏమో, ట్రయల్ రూముల ముందు కుర్చీ వేసి కూర్చోమన్నాడు.

కూర్చున్నాను. నలభై ఏళ్లు ఆడవాళ్ల బట్టలు కుట్టాను గానీ, కొట్లో బట్టలు కొనే ఆడవాళ్లని ఎప్పుడూ చూడలేదు. సన్నగా ఉన్నవాళ్లు నాలుగేసి గౌన్లు పట్టుకెళ్లి, బయటికి వచ్చి అద్దం ముందు తిరిగి, పక్కవాళ్లని ఎలా ఉంది అని అడుగుతారు. లావుగా ఉన్నవాళ్లు ఒక్కటే పట్టుకెళ్తారు. బయటికి వచ్చి చూసుకోరు. తలుపు కొంచెం తీసి, చెయ్యి మాత్రం బయటపెట్టి, ఆ ఒక్కటీ తిరిగిచ్చేస్తారు. ఏమీ అడగరు. నేను కూర్చున్న గంటలో అలాంటి చేతులు ఐదు చూశాను.

ఆరో చెయ్యి నాకు తెలుసు. మన వీధి చివర బేకరీ ఆవిడ నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వెళ్తే బిస్కెట్ల పొడి పొట్లం కట్టి ఇచ్చేది. ఇరవై ఏళ్లు నా దగ్గరే కుట్టించుకుంది. గౌనులో ఇరుక్కుపోయి లోపల నుంచి అమ్మాయిని పిలిచింది. ఇద్దరూ లాగుతున్నారు. ఆవిడ మాట నాకు తలుపు మీదుగా వినిపించింది.

"నా కొలత నలభై అమ్మా. మా టైలరు గారి పుస్తకంలో రాసి ఉంది. ఆయన పొరపాటు చేసే మనిషి కాదు."

అయితే ఈమధ్య ఒళ్లు చేశారేమో ఆంటీ అంది అమ్మాయి. అంతే అయ్యుంటుందిలే అంది ఆవిడ.

జుట్టు రేగిపోయి బయటికి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. "మీరు కొట్టు మూశాక నా ఒళ్లు చెడిపోయింది టైలరు గారూ" అంది. ముఖం మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది. నేను ఊఁ అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. లేచి వెనకాలే వెళ్లాల్సింది.

తర్వాత కొట్టు అమ్మాయిని అడిగాను, ఆడవాళ్ల కోట్లలో నలభై రెండు దాటినవి ఎందుకు లేవని. ఎవరూ అడగరు తాతయ్యా, అడిగితే కదా తెప్పించేది అంది. కంపెనీ వాళ్ల దగ్గరైతే ఉంటాయట. నీకు ఒకటి తెప్పించమని చెప్పొచ్చాను. ఇరవై ఆరుకి వస్తుంది. పార్సెల్ వెయ్యమంటే వేస్తాను, రమ్మంటే నేనే తెస్తాను. గుండీలు గట్టిగా ఉండవు వాటికి, అవి విప్పి మళ్లీ కుడతాను. ఆ మాత్రం సూది పట్టుకోగలను.

ఆరోగ్యం జాగ్రత్త.

ఎప్పుడూ నీ మేలు కోరే
మావయ్య

తా.క. అసలు మాట పైన రాయలేకపోయాను. సంతకం పెట్టేశాక, ఇంకేం దాక్కుంటాంలే అనిపించింది.

నువ్వు లావెక్కలేదు బుల్లీ. నేను తెప్పిస్తున్న కోటు నంబరు నలభై ఆరు. ఆర్నెల్ల కింద నేను కొలిచినప్పుడూ నీ ఛాతీ నలభై ఆరే. ఐదేళ్ల కిందా అంతే. నలభై రెండని పుస్తకంలో రాయించిందీ, నీకు చీటీ రాసిచ్చిందీ నేనే.

మన కొట్టు పద్ధతి నువ్వు చూశావు. నేను కొలుస్తూ అంకె పైకి చెప్తాను, మీ అత్తయ్య బల్ల దగ్గర రాసుకుంటుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ వింటారు. డ్రిల్లు మాస్టారు నీ బరువు చదివిన వారంలోనే నీకు స్కూలు గౌను కొలతలు తీశాను. పన్నెండేళ్ల పిల్లవి. టేపు చుట్టగానే నా నోటి వంక చూశావు. నేను నాలుగంగుళాలు తగ్గించి చెప్పాను. ఊపిరి వదిలావు. అది నా చేతికి తగిలింది. గుడ్డ కత్తిరించేటప్పుడు ఆ నాలుగూ కలిపేశాను, గౌను సరిగ్గా సరిపోయింది. నిజం చెప్పడానికి మళ్లీ వీలు దొరకలేదు. నీ తర్వాత ఇంకొకరు అలాగే నా నోటి వంక చూశారు. తర్వాత ఇంకొకరు. అందరికీ నాలుగే తగ్గించాను, నేను మర్చిపోకుండా. చేతి పొడుగు, భుజం, మెడ అన్నీ నిజాలే. చుట్టుకొలతలే అబద్ధం.

మీ అత్తయ్యకొక్కదానికే తెలుసు. ఈ అంకెలు పట్టుకుని వేరే కొట్టుకెళ్తే వాళ్లేమైపోతారండీ అంది ఒకసారి. నేనుండగా వేరే కొట్టుకెందుకెళ్తారు అన్నాను. నా చెయ్యి వణికే రోజు వస్తుందనుకోలేదు.

మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. నేరం కొట్లవాళ్ల మీదికి నెట్టాను. నువ్వు పడిపోయాక కూడా నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాను. నాకున్నది నువ్వొక్కదానివి. ఇది తెలిస్తే నేను చెప్పిన ఏ మాటా నమ్మవేమోనని భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది.

ఎవరూ అడగరంది ఆ అమ్మాయి. ఈ వీధిలో సగం మంది తమ అసలు కొలత అడగకుండా చేసింది నేను. నిన్న నంబరు చీటీ మీద రాసి, మడిచి ఇచ్చాను. ఆ అమ్మాయి విప్పి, మెట్ల దగ్గరున్న గుమాస్తాకి అక్కణ్ణుంచే కేక వేసింది. "అన్నా, ఆడవాళ్ల నీలం కోటు, నలభై ఆరు, ఒకటి రాయి." అంతస్తంతా వినపడింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఎవరి బట్టలు వాళ్లు చూసుకుంటున్నారు.

రేపు బేకరీకి వెళ్లి ఆవిడకీ చెప్పాలి. పుస్తకం తీసి మిగతావాళ్లకీ చెప్పాలి. ముందు నీకు.

కోపం వస్తే కొన్నాళ్లు ఉత్తరం రాయకు. నేను ఎదురు చూస్తూనే ఉంటాను, అది వేరే సంగతి. కానీ ముందు ఈ పూట భోంచెయ్యి. తర్వాత కోప్పడు.